గంజాయి గదిలో చామంతి అలవాటు

మా అక్క మెడలో ఎప్పుడూ ఒక చిన్న భూతద్దం వేలాడుతూ ఉంటుంది. నగలు పెట్టుకోదు, గడియారం పెట్టుకోదు, కళ్లజోడు పెట్టుకోమంటే మీదికి వస్తుంది. భూతద్దం మాత్రం స్నానానికి వెళ్లేటప్పుడు తప్ప తీయదు. అందుకే పని దగ్గర అందరూ ఆమెను భూతద్దం అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్లు, ఇప్పుడు మొహం మీదే అంటారు, ఆమె పలుకుతుంది కూడా. నేను టాక్సీ నడుపుతాను. పొద్దున్నే ఆమెను పని దగ్గర దింపడం నా మొదటి బేరం, సాయంత్రం ఇంటికి తీసుకురావడం చివరి బేరం. కిరాయి మాటెత్తితే, "నిన్ను చంకనేసుకుని తిరిగినందుకు నేనేమైనా అడిగానా?" అంటుంది. నేను బండి స్టార్ట్ చేస్తాను.

ఏం పని అని మీరు అడుగుతారు. చెబితే నవ్వుతారు. ఇప్పటిదాకా నవ్వనివాడు ఒక్కడూ తగల్లేదు నాకు. మా అక్క గంజాయి పెంచుతుంది.

ఆగండి, అప్పుడే కన్ను గీటకండి. ప్రభుత్వం అనుమతి ఉన్న చోటు అది. చుట్టూ కంచె, గేటు దగ్గర కాపలా, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ తనిఖీ. అక్కడి పూలు మందుల తయారీకి వెళతాయి. ఇదంతా నేను వివరించేలోగానే ఎదుటివాడి మూతి ఒక పక్కకి వంకర తిరుగుతుంది. ఒకసారి ఒక పెద్దమనిషి వెనక సీట్లో కూర్చుని, "మీ అక్కగారి దగ్గర కాస్త సరుకు దొరుకుతుందా?" అని అడిగాడు. వంతెన మధ్యలో దింపేశాను. వాన పడుతోంది కూడా. నాకు ఇప్పటికీ వాడి మీద జాలి కలగలేదు.

పూర్వం ఆ షెడ్లలో చామంతులు పెంచేవారు. అక్క వయసులో ఉన్నప్పుడే ఆ పనిలో చేరింది, అక్కడే తల నెరిసింది. చామంతికి ఒక గుణం ఉంది. రాత్రి పొడుగ్గా ఉంటేనే మొగ్గ వేస్తుంది. ఇంకా గిరాకీ రాలేదు, కొన్నాళ్లు పూత ఆపాలి అనుకుంటే చీకటి మధ్యలో కాసేపు దీపాలు వేస్తారు. రాత్రి రెండు ముక్కలవుతుంది. మొక్క ఇంకా వేసవికాలమే అనుకుని పూయడం వాయిదా వేసుకుంటుంది. "మొక్కల్ని మోసం చేసి బతుకుతున్నాంరా" అనేది అక్క నవ్వుతూ. ఏ రోజు దీపం వేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు, ఆమె చెయ్యి దానంతటదే స్విచ్ మీదికి పోయేది. పూల వ్యాపారం దివాలా తీసి మందుల కంపెనీ ఆ షెడ్లు తీసుకున్నప్పుడు పాతవాళ్లలో కొందరినే ఉంచుకున్నారు. వాళ్లలో అక్క ఒకతె.

ఇక పిచిక సంగతి చెప్పాలి. పిచిక అక్క కూతురి కూతురు. మూతి చిన్నది, కాళ్లు సన్నం, ఒకచోట నిలబడదు, అందుకే ఆ పేరు. ఆ పిల్లకు పాలపళ్లు వస్తున్న వయసులోనే మూర్ఛ మొదలైంది. ఆడుకుంటూ ఆడుకుంటూ ఉన్నట్టుండి పడిపోయేది. చేతులు అడ్డం పెట్టుకోదు, అరవదు. మనం పక్క గదిలో ఉంటే దబ్బుమని చప్పుడు వినిపిస్తుంది, ఆ తర్వాత ఏమీ వినిపించదు. మామూలు పిల్లలు పడితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తారు. ఈ పిల్ల ఏడవదు. ఒళ్లంతా కొట్టుకుంటుంది, కాసేపటికి ఆగుతుంది, తర్వాత మనల్ని కొత్తవాళ్లను చూసినట్టు చూస్తుంది. ఆ ఇంట్లో ఎవరికీ చప్పుడంటే భయం లేదు. చప్పుడు తర్వాత వచ్చే నిశ్శబ్దం అంటేనే భయం.

పిచికకు దూది కుక్కిన టోపీ అక్కే కుట్టింది. నా మేనకోడలు, అంటే పిచిక తల్లి, ఉద్యోగం మానేసి పిల్ల వెనకే తిరిగేది. అల్లుడు ఓడరేవులో క్రేను నడుపుతాడు, సెలవు దొరికినప్పుడే వస్తాడు. డాక్టరు ఒక మందు మార్చి ఇంకో మందు, అది మార్చి మరోటి ఇచ్చాడు. ఒకటి వేస్తే పిల్ల రోజంతా నిద్రపోయేది, ఇంకోటి వేస్తే అన్నం ముట్టేది కాదు. పడడం మాత్రం మానలేదు.

చివరికి ఒకరోజు డాక్టరు అన్నాడు, "కానబిడయోల్ అని ఒక మందుంది. గంజాయి మొక్కలోంచే తీస్తారు, కానీ మత్తెక్కించేది అది కాదు. ఇలాంటి మొండి మూర్ఛ ఉన్న పిల్లల్లో కొందరికి బాగా పనిచేస్తోంది, కొందరికి చేయదు. అది ముందే చెప్తున్నాను. మన ఆసుపత్రికి ఇంకా రాలేదు. ఊరి బయట కంపెనీ వాళ్ల మొదటి పంట పరీక్ష నెగ్గితే ఇస్తామన్నారు. మీ పాపను కూడా లెక్కలో పెట్టుకుంటాను."

"ఆ పంట పెంచుతున్నది నేనేనండీ" అంది అక్క.

డాక్టరు అప్పుడు ఆమె మెడలో భూతద్దం చూశాడు. "అయితే జాగ్రత్తగా పెంచండి" అన్నాడు. హాస్యానికే అన్నాడు పాపం, కానీ అక్క ఆ మాటను మూటగట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

అప్పటి నుంచి ఇంట్లో పోరు మొదలైంది. ఒక ఆదివారం నేను టీ తాగుతూ ఉండగానే మేనకోడలు వంటింటి బల్ల దగ్గర తల్లిని పట్టుకుంది.

"అమ్మా, రోజంతా ఆ మొక్కల మధ్యే ఉంటావు కదా. పంట ఎప్పుడు కోస్తారు, పరీక్ష ఎప్పుడు నెగ్గుతుంది, అప్పటిదాకా ఇది ఎన్నిసార్లు పడాలి? ఒక్క గుప్పెడు తీసుకురా. నూనెలో మరిగిస్తాను. ఎలా చేయాలో ఫోన్లో చూశాను."

"తేను."

"గేటు దగ్గర పట్టుకుంటారనా?"

"వాళ్ల కళ్లు కప్పడం నాకో లెక్కా? అందుకు కాదు."

"మరెందుకు? చెప్పు మావయ్యా, నువ్వైనా చెప్పు."

నేను ఇంకో గుక్క టీ తాగాను. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ గుప్పెడు తెస్తే ఏం పోయింది అనే అనిపించింది.

అక్క మెడలోంచి భూతద్దం తీసి బల్ల మీద పెట్టింది. "కూర్చో. ఒరేయ్, నువ్వు కూడా విను. బయట ఎవరైనా అడిగితే వెర్రిమొహం వేసుకుని నిలబడుతున్నావు. ఆకు దేనికీ పనికిరాదు. సరుకంతా పువ్వులో ఉంటుంది, అదీ ఆడ మొక్క పువ్వులో. ఉత్త కంటికి పువ్వు మీద పొడి చల్లినట్టు తెల్లగా కనిపిస్తుంది. ఈ అద్దంలో చూస్తే సన్నటి కాడలు, ఒక్కో కాడ మీద గుండుసూది తలకాయంత బుడగ. ఆ బుడగలోనే వంట జరుగుతుంది."

"వంటా?" అన్నాను.

"వంటే. ముందు ఒక ఆమ్లం తయారవుతుంది. మా మేనేజరు దాన్ని తల్లి ఆమ్లం అంటుంది, మిగతావన్నీ దాంట్లోంచే పుడతాయి కనక. తర్వాత మొక్క పుట్టుకను బట్టి అక్కడున్న ఎంజైము దాన్ని మార్చేస్తుంది. ఒక జాతి మొక్కలో మత్తు సరుకుగా మారే ఆమ్లం అవుతుంది. ఇంకో జాతిలో మన పిచిక మందుగా మారే ఆమ్లం అవుతుంది. నూలు ఒకటే, నేసేవాడు వేరు. పచ్చి పువ్వులో రెండూ ఆమ్లాలుగానే ఉంటాయి. వేడి తగిలితేనే అసలు రూపానికి వస్తాయి."

"మరి రెండో జాతి పువ్వే తీసుకురా" అంది కూతురు.

"రెండూ పక్కపక్క గదుల్లో పెంచుతున్నాం. మొదటిది కూడా మందుకే. కేన్సర్ మందులు పడక వాంతులు ఆగనివాళ్లకి, కండరాలు బిగుసుకుపోయి కదల్లేనివాళ్లకి. కానీ మొక్కను చూస్తే తేడా తెలీదు. వాసన చూసినా తెలీదు. ఇదిగో, ఈ అద్దంలో చూసినా తెలీదు. బుడగ పక్వానికి వచ్చిందా లేదా అన్నదే నేను చెప్పగలను, నీళ్లలా ఉంటే పచ్చిది, పాలలా మారితే కోతకు వచ్చినట్టు. లోపల ఏది ఎంతుందో పరీక్ష యంత్రం చెప్పాల్సిందే. పోనీ సరైన జాతే తెచ్చాననుకో. దాంట్లో కూడా మత్తు సరుకు కొంచెం ఉండనే ఉంటుంది. నీ గిన్నెలో అది ఎంత దిగిందో నీకెలా తెలుస్తుంది? ఒకరోజు చాలదు, ఒకరోజు నాలుగింతలు పడుతుంది. పిచిక ఇప్పుడు వేసుకునే మందులతో కలిసి కాలేయం మీద పడితే? పడడం తగ్గకపోగా ఎక్కువైతే?"

మేనకోడలు ఏడుపు మొదలుపెట్టింది. అక్క ఓదార్చలేదు. ఓదార్చడం ఆమెకు చేతకాదు.

"నాకు తెలియనిది నా మనవరాలి గొంతులో పోయను. నిన్నూ పోయనివ్వను. పంట సరిగ్గా తీయడం నా చేతిలో ఉంది. అది తీస్తాను. తీసి తీరతాను."

వాతావరణం తేలిక చేద్దామని, "ఇంతకీ మొక్కకి ఈ వంటంతా ఎందుకే?" అని అడిగాను.

"పురుగు తినకుండా అంటారు, ఎండ దెబ్బ తగలకుండా అంటారు. పూర్తిగా ఎవరికీ తెలీదట. దాని ఇల్లు అది కాచుకుంటోంది. అది మనకు పనికిరావడం మన అదృష్టం."

ఇంకొక్క సంగతి కూడా ఆ పూట చెప్పింది. మగ మొక్క కనబడగానే పీకేస్తారట. పుప్పొడి ఒక్కసారి తగిలిందంటే ఆడ పువ్వు గింజ కట్టే పనిలో పడిపోతుంది, బుడగలూ తగ్గిపోతాయి, మందూ తగ్గిపోతుంది. మగవాళ్లను పీకి పారేయడం మా అక్కకు కొత్త విద్యేం కాదని నేనంటే కూతురు కూడా కళ్లు తుడుచుకుంటూ కాస్త నవ్వింది.

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికి వస్తున్నాను. ఆ పూల గదిలో రాత్రి మధ్యాహ్నం మొదలవుతుంది. మన రాత్రిళ్లు కరెంటు చౌక కాబట్టి దీపాలు టైమరు పెట్టి అప్పుడు వెలిగిస్తారు, మధ్యాహ్నం భోజనాల వేళకు ఆర్పేస్తారు. ఆ తర్వాత ఎవరైనా లోపలికి వెళ్లాలంటే నుదుటికి ఆకుపచ్చ లైటు కట్టుకుని వెళ్లాలి. ఆ రంగు వెలుగును మొక్క పెద్దగా పట్టించుకోదట. బయట ఎండ మండిపోతుంటే లోపల చిమ్మచీకటి. ఈ మొక్క కూడా చామంతిలాగే పొడుగు రాత్రి దొరికితేనే పూస్తుంది. అక్కడే వచ్చింది చిక్కు.

పూత జోరుగా వస్తున్న రోజుల్లో పూలు ఆరబెట్టే గదిలో తేమ లాగే యంత్రం చెడిపోయింది. దాని లోపలి భాగం ఒకటి దొరక్క మేనేజరు ఊళ్లు పట్టుకుని తిరుగుతోంది. ఈలోగా పూలు పక్వానికి వచ్చేస్తే కోసి ఎక్కడ పెడతారు? తేమలో పెడితే బూజు పడుతుంది. బూజు పడితే పరీక్ష పోతుంది. పరీక్ష పోతే పిచికకు మందు లేదు. అక్కకు ఇది తప్ప ఇంకేం తోచలేదు. పూతను కాస్త వెనక్కి లాగితే చాలనుకుంది. కొన్ని మధ్యాహ్నాలు వరసగా, గది చీకట్లో ఉన్న వేళ, కాసేపు దీపాలు వేసి ఆర్పింది. ఎవరినీ అడగలేదు. చామంతికి ఇన్నేళ్లూ ఎవరినడిగి వేసింది గనక?

ఆ సాయంత్రాల్లో ఒకనాడు టాక్సీలో కూర్చుని కులాసాగా, "పూలకు బ్రేకు వేశానురా" అంది. బ్రేకు వేయడం అంటే నాకు గౌరవమే కాబట్టి, "భేష్" అన్నాను.

యంత్రం బాగైంది. దీపాలు మానేసింది. ఇంకొన్నాళ్లకు కోతకు సిద్ధమవుతుందా అని చూడడానికి అద్దం పెట్టి ఒక పువ్వు మీదికి వంగింది. పాలరంగుకు తిరుగుతున్న బుడగల మధ్యలో పసుపుపచ్చని చిన్న కాయలు కనిపించాయి, వంకీ తిరిగి, గోరంత అరటి పిందెల్లా. ఆడ పువ్వులో మగ పూత. పక్క మొక్క చూసింది, దాంట్లోనూ ఉన్నాయి. వెనక వరస చూసింది. తర్వాత అద్దం వదిలేసి నేరుగా మేనేజరు గదికి నడిచింది.

మేనేజరు మా మేనకోడలి ఈడు పిల్ల, మొక్కల చదువు చదివింది, మాట నెమ్మది. ఆమే తర్వాత నాకు చెప్పింది ఇదంతా. అక్క తలుపు దగ్గరే నిలబడి, "పూల గదిలో మగ పూత వచ్చింది. చీకట్లో దీపాలు వేసింది నేనే" అందట.

"ఎందుకు వేశారమ్మా?"

"ఆరబెట్టే గది బాగయ్యేదాకా పూత ఆపుదామని. చామంతికి అలాగే చేసేవాళ్లం."

"చామంతికైనా మొగ్గ వేయకముందే కదా ఆపేది. ఇది పూత మధ్యలో ఉంది. మధ్యలో రాత్రి విరిచేస్తే దీనికి కంగారు పుడుతుంది. పుప్పొడి వచ్చే దారి లేదు, కాలం అయిపోతోంది అనుకుని తన పువ్వులోనే మగ పూత వేసుకుంటుంది. శిక్షణలో చెప్పాను కదా?"

"చెప్పారు. చెవులు విన్నాయి, చేతులు వినలేదు" అంది అక్క.

మేనేజరు కోప్పడలేదట. గది మొత్తం కోసి పారేయక తప్పదంది. పుప్పొడి ఒక్కసారి గాల్లో లేచిందంటే ఒక్క పువ్వూ మిగలదు.

"ఇంకా ఒక్క కాయ కూడా విచ్చుకోలేదు. నేను చూశాను" అంది అక్క. "విచ్చుకునేలోగా ఏరేస్తాను. నన్ను పనిలోంచి తీసేయాలంటే తర్వాత తీసేయండి. ముందు ఆ గది చూడనివ్వండి."

మేనేజరు పైవాళ్లతో మాట్లాడింది. అక్క వేసిన దీపాలకు దగ్గరగా ఉన్న వరసలు ఎలాగూ పోతాయి, వాటిని ఇప్పుడే సంచుల్లో కప్పి బయటికి తీసేయాలి. మిగతావి ప్రతి పువ్వూ చూడాలి. విచ్చుకున్న కాయ ఒక్కటి దొరికినా గది మొత్తం పోయినట్టే. అలా అయితే సరే అన్నారు.

ఫ్యాన్లు ఆపేశారు, పుప్పొడి ఎగరకూడదని. గాలి ఆడని ఆ గదిలో అక్కా, ఇంకొందరు ఆడవాళ్లూ, మేనేజరూ తలా ఒక అద్దం పట్టుకుని వరసల్లోకి దిగారు. చేతిలో నీళ్ల స్ప్రే. పసుపు కాయ కనిపిస్తే ముందు తడపాలి, తడిస్తే పుప్పొడి చస్తుంది. తర్వాత పట్టకారుతో తుంచి నీళ్ల డబ్బాలో వేయాలి. కొమ్మకు పైనుంచి కిందికి, మళ్లీ కింది నుంచి పైకి. ఒకరు చూసిన మొక్కను ఇంకొకరు మళ్లీ చూడాలి. పువ్వు జిగురుకు వేళ్లు ఒకదానికొకటి అంటుకుపోయేవి. సాయంత్రం అక్క టాక్సీ ఎక్కితే మెడ అటూ ఇటూ తిప్పలేకపోయేది. నా బండి అంతా ఆ వాసనే. ఎక్కినవాళ్లు ముక్కులు ఎగరేసి నా వంక అదోలా చూసేవారు. వాళ్లను దింపేసే ఓపిక కూడా లేదు నాకప్పుడు.

"కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోవే, మిగతావాళ్లు చూస్తారు" అన్నాను ఒకరోజు.

"వేసింది నేను. ఏరేది నేనే" అంది.

ఇంట్లో చెప్పింది కూడా ఆమే. ఎవరో చెప్పేదాకా ఆగలేదు. మేనకోడలు పిచికకు జుట్టు దువ్వుతోంది. విని దువ్వెన కింద పెట్టింది.

"గుప్పెడు తెమ్మంటే నాకు పాఠం చెప్పావు. నాకు తెలియనిది పోయనన్నావు. ఆ గదిలో నీకు తెలియనిది నువ్వు చేయలేదూ?"

"చేశాను."

"నోరు మూసుకుని కూర్చుంటే ఏమయ్యేది? ఎవరికి తెలిసేది?"

"గదంతా గింజ పట్టేది. చుక్క మందు వచ్చేది కాదు. మనకే కాదు, ఎవరికీ."

నాకు మేనకోడలి మీద కోపం వచ్చింది, అక్క మీద ఇంకా ఎక్కువ కోపం వచ్చింది, ఎవరి మీద అరవాలో తెలియక పిచికను ఎత్తుకుని వీధిలోకి వెళ్లిపోయాను. తల్లీకూతుళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి. కూతురు అన్నం పెట్టేది, కంచం తీసేది, తల్లి మొహం చూసేది కాదు.

విచ్చుకున్న కాయ ఒక్కటీ దొరకలేదు. మిగిలిన మొక్కలు కోతకు వచ్చాయి, ఆరాయి, పరీక్ష నెగ్గాయి. కానీ గదిలో చాలా భాగం ముందే పోయింది కదా. మందు అనుకున్నంత రాలేదు. డాక్టరు ఉన్నదాన్ని అందరికంటే అధ్వాన్నంగా ఉన్న పిల్లలకు, ఆసుపత్రి మంచం దిగలేని పిల్లలకు ముందు ఇచ్చాడు. పిచిక నడుస్తోంది, తింటోంది, మధ్యలో పడిపోతోంది, అంతే కాబట్టి రెండో పంట దాకా ఆగమన్నాడు. ఆయన చేసింది న్యాయమే. న్యాయం అని తెలిసినా మింగుడుపడుతుందా? అక్క ఆసుపత్రి వసారాలో బెంచీ మీద కూర్చుని ఆ మాట విని, "సరేనండీ" అని లేచింది. దారి పొడుగునా అద్దాన్ని చీరకొంగుతో తుడుస్తూనే ఉంది.

కంపెనీ ఆమెను తీసేయలేదు. పూల గది పెద్దరికం మాత్రం తీసేసి, మామూలు పనికి పెట్టారు. అక్క మర్నాడు అందరికంటే ముందే వెళ్లి కొత్త మొలకలకు కుండీలు కడిగింది.

కొన్నాళ్లకు అక్కడ మనుషులు కావాలని తెలిసింది. మేనకోడలు నాతో, "మావయ్యా, పగలు పిచికను పక్కింటి పిన్ని చూస్తానంది. నన్ను కూడా ఆ షెడ్డుకు తీసుకెళ్లు" అంది.

"ఎందుకు?"

"ఈసారి నేను చూసుకుంటాను. ఎవరి మీదా వదలను."

ఆ మాట వింటే అచ్చం మా అక్క మాట్లాడినట్టే ఉంది. అప్పటి నుంచి వెనక సీట్లో ఇద్దరు. చెరో కిటికీలోంచి చూస్తూ కూర్చునేవారు. రేడియో పెడితే ఇద్దరూ ఒకేసారి "ఆపు" అనేవారు. ఆ ఒక్క విషయంలోనే ఏకాభిప్రాయం.

కొత్త పంట పూతకు వచ్చింది. ఒకరోజు పొద్దున, దీపాలు ఇంకా వెలుగుతుండగా, అక్క కూతురిని పిలిచి అద్దం చేతికిచ్చింది. ఇది మేనకోడలే నాకు చెప్పింది.

"చూడు" అంది.

మేనకోడలు వంగి చూసింది. పువ్వు మీద సన్నటి కాడలు, వాటి మీద గాజు పూసల్లా బుడగలు, ఎక్కడ చూస్తే అక్కడ, లెక్క పెట్టడానికి లేకుండా.

"ఇవేనా?"

"ఇవే. దీని పిల్ల కోసం ఇది చేసుకుంటోంది, మన పిల్ల కోసం మనం తీసుకుంటున్నాం."

"మగ మొక్కను పీకేసి దీనికి పిల్ల లేకుండానే చేస్తున్నాం కదే" అంది మేనకోడలు. ఇన్నాళ్ల తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వలేదు, కానీ అద్దం చేతులు మారుతూనే ఉంది ఆ పూటంతా.

మధ్యాహ్నం దీపాలు ఆర్పే వేళకు అక్క మేనేజరును అడిగి ఒక తాళం తెచ్చింది. చేత్తో వేసే స్విచ్‌ల పెట్టెకు తాళం వేసి, తాళంచెవిని తాడుకు కట్టి కూతురి మెడలో వేసింది.

"మేనేజరు చెబితే తప్ప తీయకు. నేనడిగినా ఇవ్వకు. ఏడ్చి అడిగినా ఇవ్వకు."

"నీకు తెలుసు కదమ్మా ఇప్పుడు."

"నాకు తెలుసు. నా చేతులకు చామంతే తెలుసు."

ఆ రోజు సాయంత్రం ఇద్దరూ టాక్సీ ఎక్కారు, ఒకరి మెడలో అద్దం, ఇంకొకరి మెడలో తాళంచెవి. రేడియో పెట్టాను. ఎవరూ ఆపమనలేదు.

రెండో పంట నిండుగా వచ్చింది. మందు సీసా ఇంటికి వచ్చిన రోజు మేనకోడలు సిరంజిలోకి తీయబోయి ఆగి, అక్కకు ఇచ్చింది. అక్క గీత దగ్గర అద్దం పెట్టి చూసి, ఒక బుడగ కనిపిస్తే మళ్లీ మొదటి నుంచి తీసింది. పిచిక మింగి మొహం చిట్లించి, "ఛీ" అంది. అంతే జరిగింది ఆ రోజు. మహిమలేమీ జరగలేదు. డాక్టరు మోతాదు కొద్దికొద్దిగా పెంచాడు, మధ్య మధ్య రక్తపరీక్షలు చేయించాడు. మొదట్లో పిల్లకు నిద్ర ఎక్కువైంది, పాత మందు ఒకటి తగ్గించాక సర్దుకుంది. పడడం తగ్గింది. పూర్తిగా పోలేదు, నేను అబద్ధం చెప్పను. ఇప్పటికీ కొన్ని రోజులు చెడ్డవే. కానీ ఒక చెడ్డ రోజుకూ ఇంకో చెడ్డ రోజుకూ మధ్య బోలెడు మంచి రోజులు వచ్చాయి. బడికి పంపారు. టోపీ బరువుగా ఉందని పిచిక పేచీ పెట్టడం మొదలుపెట్టింది.

మొన్న సెలవు రోజున అందరం ఇంట్లోనే ఉన్నాం. అల్లుడు కూడా వచ్చాడు. పిచిక మేడ మెట్ల మీద ఆడుకుంటోంది. లోపల మేం టీ తాగుతున్నాం. దబ్బుమని చప్పుడు వినిపించింది.

అందరి చేతుల్లో కప్పులు అలాగే ఆగిపోయాయి. మాకు అలవాటే కదా, ఆ తర్వాత ఏమీ వినిపించకపోవడం. మేనకోడలు లేచింది. అక్క అప్పటికే గుమ్మం దాటింది.

అప్పుడు వినిపించింది ఏడుపు. అల్లాటప్పా ఏడుపు కాదు, కుయ్యో మొర్రోమని, వీధి వీధంతా తలుపులు తీసి చూసేలా. మేం పరిగెత్తేసరికి పిచిక మెట్టు మీద కూర్చుని మోకాలు పట్టుకుని గోల గోల చేస్తోంది. రెండు అరచేతులూ గీరుకుపోయాయి. పడేటప్పుడు చేతులు అడ్డం పెట్టుకుంది.

"ఆ మెట్టు నన్ను పడేసింది అమ్మమ్మా!"

అక్క కింద మెట్టు మీద కూర్చుంది. అద్దం తీసి మోకాలి మీద పెట్టి చూసింది. చూస్తున్నట్టు నటించిందేమో, కళ్ల నిండా నీళ్లుంటే ఏం కనిపిస్తుంది? నేను ఆమె ఏడవడం అప్పుడే మొదటిసారి చూశాను. వెనక నుంచి మేనకోడలు, "ఊరుకో తల్లీ, ఊరుకో, ఏం కాలేదు" అంటూ పిల్లను ఎత్తుకోబోయింది.

"ఊరుకోమనకు" అంది అక్క. "ఏడవనీ. ఏడువమ్మా, నీకు ఎంతసేపు కావాలంటే అంతసేపు ఏడువు."